కష్టాల్లో ఉన్న జర్మన్ కంపెనీలో మూలధన తగ్గింపును అడ్డుకుంటే చిన్న వాటాదారు నష్టపరిహారం కట్టవలసి వస్తుందా?

రైన్‌తీరం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను జర్మనీలో, స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. ఉద్యోగులకు తగ్గింపు ధరకు ఇచ్చే పథకం కింద కొన్న షేర్లు నా దగ్గర ఉన్నాయి; కంపెనీ మొత్తం మూలధనం ముందు అవి లెక్కలోకి రానంత తక్కువ. కొంతకాలంగా కంపెనీ నష్టాల్లో నడుస్తోంది. ఇప్పుడు అసాధారణ సర్వసభ్య సమావేశానికి నోటీసు వచ్చింది. ప్రతి పది షేర్లనూ ఒక్క షేరుగా కుదించి మూలధనాన్ని తగ్గించడం, ఆ వెంటనే ఒక పెట్టుబడిదారుకు మాత్రమే కొత్త షేర్లు జారీ చేసి మూలధనాన్ని పెంచడం అనే రెండు తీర్మానాలు ఎజెండాలో ఉన్నాయి. ఈ రెండూ నెగ్గితేనే అప్పుల గడువు పొడిగిస్తామని బ్యాంకులు షరతు పెట్టాయని నోటీసుతో పాటు వచ్చిన నివేదికలో రాశారు.

పదికి ఒకటి అన్యాయమని, నాలుగుకు ఒకటి సరిపోతుందని వాదించే చిన్న వాటాదారుల బృందం ఒకటి ప్రాక్సీలు (తమ బదులు ఓటు వేయడానికి వాటాదారులు ఇచ్చే అధికారపత్రాలు) సేకరిస్తోంది. నేను కూడా సంతకం చేద్దామనుకున్నాను. అయితే ఇలా అడ్డుపడి కంపెనీ దివాలా తీస్తే మిగతా వాటాదారులకు నష్టపరిహారం కట్టవలసి వస్తుందని, అలాంటి తీర్పు జర్మనీలో ఉందని సహోద్యోగి ఒకరు చెప్పారు. షేరుకు డబ్బు కట్టేశాక వాటాదారుకు హక్కులే తప్ప బాధ్యతలు ఉండవనే నేను ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. ఆ తీర్పు నిజంగా ఉందా? ఉంటే అది జర్మనీకే పరిమితమా, ఐరోపా అంతటా ఇదే పద్ధతా? తెలిసినవారు వివరించగలరు.

పాతఫైలు:

రైన్‌తీరం గారూ, నేను కంపెనీల న్యాయ విభాగంలో పనిచేస్తాను. మీ షేర్ల గురించి సలహా ఇవ్వడం నా ఉద్దేశం కాదు; చట్టం ఎక్కడ నిలబడి ఉందో మాత్రం చెబుతాను.

మీ సహోద్యోగి చెప్పిన తీర్పు ఉంది. అది గిర్మెస్ కేసు. 1980ల చివర గిర్మెస్ అనే జర్మన్ వస్త్ర కంపెనీ అప్పుల్లో కూరుకుపోయినప్పుడు, ఐదు షేర్లను రెండుగా కుదించే ప్రతిపాదనతో పునరుద్ధరణ ప్రణాళికను యాజమాన్యం సర్వసభ్య సమావేశం ముందు పెట్టింది. మదుపరుల పత్రిక నడిపే ఒక ప్రచురణకర్త చిన్న వాటాదారుల నుంచి ప్రాక్సీలు సేకరించి, ఐదుకు మూడు ఉండాలని పట్టుబట్టి, ఆ తీర్మానాన్ని ఓడించారు. జర్మనీ వాటా కంపెనీల చట్టం ప్రకారం మూలధన తగ్గింపుకు సమావేశంలో ప్రాతినిధ్యం ఉన్న మూలధనంలో నాలుగింట మూడు వంతుల మద్దతు అవసరం కాబట్టి, నాలుగో వంతుకు మించి ఓట్లు చేతిలో ఉన్నవారు ఎవరైనా దాన్ని ఆపగలరు. తీర్మానం వీగింది, కంపెనీ దివాలా తీసింది, షేర్ల విలువ తుడిచిపెట్టుకుపోయింది. నష్టపోయిన వాటాదారులలో ఒకరు వేసిన దావా చివరికి కార్ల్స్‌రూహేలోని ఫెడరల్ న్యాయస్థానానికి చేరింది. 1995 మార్చి 20న ఆ కోర్టు, అల్పసంఖ్యాక వాటాదారులకు కూడా తోటి వాటాదారుల పట్ల విశ్వాసంతో మెలగవలసిన బాధ్యత ఉందని, కంపెనీని నిలబెట్టగల సహేతుకమైన ప్రణాళికను స్వార్థ కారణాలతో అడ్డుకోవడం ఆ బాధ్యతను ఉల్లంఘించడమేనని తేల్చింది.

తీర్పును ఇంతవరకే చదివితే మీకు భయం కలగడం సహజం. మిగతా భాగం కూడా చదవాలి. ఈ బాధ్యత ఓటుకు ఉన్న బలాన్ని బట్టి పుడుతుంది. తీర్మానాన్ని ఒంటరిగా ఆపలేని వాటాదారు తన ఓటును తన అభిప్రాయం ప్రకారం వేసుకోవచ్చు. పదుగురి ఓట్లను ఒకచోట కూడగట్టి అడ్డుకునే శక్తిని సంపాదించినవారి విషయంలోనే అసలు పరీక్ష మొదలవుతుంది. ఓటు వేసిన తీరుకు నష్టపరిహారం రాబట్టాలంటే, ఉద్దేశపూర్వకంగానే బాధ్యతను ఉల్లంఘించినట్లు రుజువు కావాలని కూడా కోర్టు చెప్పింది. అంచనా తప్పినంత మాత్రాన చాలదు. కాబట్టి ఈ వ్యవహారంలో ఎక్కువ జాగ్రత్త పడవలసినవారు ప్రాక్సీలు సేకరిస్తున్న బృంద నిర్వాహకులు. తాము ఎవరి తరఫున ఓటు వేస్తున్నారో బయటపెట్టని ప్రతినిధి తానే బాధ్యుడు కావచ్చని కూడా ఆ తీర్పు సూచించింది.

ఈ బాధ్యత మొదట చిన్నవారి మీద పడింది కాదు. 1988 ఫిబ్రవరి 1న అదే కోర్టు ఇచ్చిన లినోటైప్ తీర్పులో, 96 శాతం షేర్లున్న పెద్ద వాటాదారు కంపెనీని రద్దు చేసి దాని వ్యాపారాన్ని తానే తీసుకోవడానికి యాజమాన్యంతో ముందుగానే ఒప్పందం కుదుర్చుకోవడం మైనారిటీ పట్ల బాధ్యతను మీరడమని చెప్పింది. పెద్దవారికి వర్తించిన సూత్రాన్నే ఏడేళ్ల తరువాత చిన్నవారికీ విస్తరించారు. నా దృష్టిలో గిర్మెస్‌ను లినోటైప్ లేకుండా ఉటంకించేవారు సగం చట్టమే చెబుతున్నట్లు. యాజమాన్యాల తరఫు న్యాయవాదులు తరచుగా చేసేది అదే.

ఇంకో మాట. మీ బృందం గొడవ పడుతున్నది తప్పు తీర్మానం మీద. పది షేర్లు ఒకటైనా, నాలుగు ఒకటైనా, అందరి షేర్లూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి కనుక కంపెనీలో మీ వాటా శాతం ఆ క్షణాన మారదు. మీ వాటాను నిజంగా పలుచన చేసేది రెండో తీర్మానం. కొత్త షేర్లు జారీ చేసినప్పుడు పాత వాటాదారులకు వారి వాటా మేరకు ముందుగా కొనే హక్కు ఉంటుంది. మన దగ్గర రైట్స్ ఇష్యూలో ఉండే హక్కు ఇదే. నగదుకు షేర్లు జారీ చేసే సందర్భంలో ఐరోపా సమాఖ్య 2017/1132 ఆదేశంలోని (ఆదేశం అంటే సభ్యదేశాలు తమ చట్టాల ద్వారా అమలు చేయవలసిన ఉమ్మడి నియమాలు) 72వ అధికరణం దీనికి రక్షణ ఇస్తుంది. సర్వసభ్య సమావేశం ఈ హక్కును తొలగించవచ్చు గానీ, అందుకు కారణాలనూ, జారీ ధరకు ప్రాతిపదికనూ వివరిస్తూ యాజమాన్యం లిఖిత నివేదిక ఇవ్వాలి. జర్మనీ కోర్టులు 1978 నాటి కాలీ ఉండ్ సాల్జ్ తీర్పు నుంచి, ఈ తొలగింపు కంపెనీ ప్రయోజనాల దృష్ట్యా వస్తుగతంగా సమర్థించుకోదగినదిగా ఉండాలని కోరుతున్నాయి. మీరు నివేదికలో వెదకవలసింది ఈ సమర్థన: పాత వాటాదారులకు కూడా కొనే అవకాశం ఎందుకు ఇవ్వలేదు, కొత్తవారికి ఇచ్చే ధరను ఎలా నిర్ణయించారు?

కాలువగట్టు:

పాతఫైలు గారి వివరణకు ధన్యవాదాలు. నేను నెదర్లాండ్స్‌లో ఉంటాను. ప్రశ్నలోని రెండో భాగానికి, అంటే ఇది ఐరోపా అంతటా ఉన్న పద్ధతేనా అన్నదానికి నాకు తెలిసినంత చెబుతాను.

ఐరోపా సమాఖ్య స్థాయిలో వాటాదారుల హక్కులు చాలా వివరంగా రాసి ఉన్నాయి. 2007/36 ఆదేశం, దాన్ని సవరించిన 2017/828 ఆదేశం కలిసి సమావేశపు నోటీసు గడువు, ఎజెండాలో అంశం చేర్పించే హక్కు, ప్రశ్నలు అడిగే హక్కు, ప్రాక్సీ, డైరెక్టర్ల పారితోషిక విధానంపై కనీసం నాలుగేళ్లకొకసారి ఓటు వంటివన్నీ నిర్దేశిస్తాయి. బాధ్యతల విషయానికి వచ్చేసరికి ఆ గ్రంథం దాదాపు ఖాళీ. పెన్షన్ నిధుల వంటి సంస్థాగత మదుపరులు, ఆస్తి నిర్వహణ కంపెనీలు తాము పెట్టుబడి పెట్టిన కంపెనీలతో ఎలా వ్యవహరిస్తామో ఒక విధానాన్ని ప్రకటించాలని, లేదా ఎందుకు ప్రకటించడం లేదో వివరించాలని 2017 సవరణ కోరింది. అది కూడా వెల్లడించే బాధ్యతే తప్ప ఓటు ఇలా వేయాలన్న బాధ్యత కాదు. సొంత డబ్బుతో షేర్లు కొనుక్కున్న వ్యక్తికి అదీ లేదు.

అందువల్ల వాటాదారు బాధ్యతలను ఒక్కో దేశపు న్యాయమూర్తులు తమ పౌరస్మృతుల నుంచే తీర్చిదిద్దుకున్నారు. ఫ్రాన్స్‌లో మెజారిటీ దుర్వినియోగంతో పాటు మైనారిటీ దుర్వినియోగం అనే సిద్ధాంతం కూడా ఉంది. కంపెనీకి అత్యవసరమైన చర్యను, మిగతా వాటాదారులకు నష్టం కలిగిస్తూ, కేవలం తన సొంత లాభం కోసం అడ్డుకుంటేనే అది దుర్వినియోగం అవుతుంది. అలా తేలినప్పుడు ఏం చేయాలన్న ప్రశ్నకు ఫ్రెంచ్ అత్యున్నత న్యాయస్థానం 1993 మార్చి 9న ఇచ్చిన ఫ్లాందాఁ తీర్పులో ఆసక్తికరమైన దారి చూపింది: జడ్జి తీర్మానాన్ని తానే ఆమోదించినట్లు ప్రకటించకూడదు, కానీ అడ్డుకుంటున్నవారి పేరున కొత్త సమావేశంలో ఓటు వేయడానికి ఒక ప్రతినిధిని నియమించవచ్చు.

డచ్ చట్టంలో కంపెనీతో సంబంధం ఉన్నవారందరూ ఒకరి పట్ల ఒకరు సహేతుకంగా, న్యాయంగా నడుచుకోవాలని పౌరస్మృతి రెండో పుస్తకంలోని 8వ అధికరణం చెబుతుంది. ఇలాంటి వివాదాలను ఆమ్‌స్టర్‌డామ్ అప్పీలు కోర్టులోని ప్రత్యేక వ్యాపార విభాగం విచారిస్తుంది. 2017లో అమెరికా రంగుల కంపెనీ పీపీజీ మూడుసార్లు ఇచ్చిన కొనుగోలు ప్రతిపాదనలను అక్జోనోబెల్ తిరస్కరించినప్పుడు, ఎలియట్ అనే హెడ్జ్ ఫండ్ మరికొందరు వాటాదారులతో కలిసి పర్యవేక్షక మండలి (యాజమాన్యం పనితీరును గమనించే బోర్డు) అధ్యక్షుణ్ణి తొలగించడానికి అసాధారణ సమావేశం పెట్టాలని కోరింది. మే 29న కోర్టు తక్షణ ఉత్తర్వుల అభ్యర్థనను తోసిపుచ్చింది. కంపెనీ వ్యూహం నిర్ణయించేది మండళ్లని, తొలగింపు పేరుతో ఆ వ్యూహాన్నే తిప్పాలని చూడటం తగదని దాని తాత్పర్యం. కొద్ది రోజుల్లోనే పీపీజీ వెనుదిరిగింది. డబ్బు పెట్టినవారి మాటే చివరి మాట అనుకునే మనకు ఇది వింతగా అనిపించవచ్చు. ఇక్కడ మాత్రం ఉద్యోగులు, అప్పిచ్చినవారు, ఇతరుల ప్రయోజనాలను కూడా బోర్డు తూచి చూడాలన్నది చాలాకాలంగా స్థిరపడిన అవగాహన.

ఇక లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం సంగతి. దివాలా అంచున ఉన్న కంపెనీల మూలధనాన్ని సర్వసభ్య సమావేశం లేకుండా ప్రభుత్వ నిర్ణయంతోనే పెంచడానికి గ్రీసు 1983లో చట్టం చేసింది. దాన్ని సవాలు చేసిన పాత వాటాదారులు హక్కును దుర్వినియోగం చేస్తున్నారని వాదన వచ్చింది. 1998 మే 12 నాటి కెఫాలాస్ తీర్పులో ఐరోపా న్యాయస్థానం, దుర్వినియోగ సూత్రాన్ని జాతీయ కోర్టులు వాడుకోవచ్చునంటూనే, ఒక వాటాదారు మైనారిటీలో ఉన్నాడనో, పునరుద్ధరణ వల్ల లాభపడ్డాడనో, కొత్త షేర్లు కొనలేదనో చెప్పి అతని హక్కును కాదనకూడదని హద్దు గీసింది. రైన్‌తీరం గారూ, మీ వంటివారికి ఐరోపా చట్టం నేరుగా ఇచ్చిన అభయం ఇదే. అయితే దీన్ని మరీ సాగదీయకండి. 2009లో ఆడియోలక్స్ కేసులో, ఆర్‌టీఎల్ కంపెనీలో పెద్ద వాటా చేతులు మారినప్పుడు తమకూ అదే ధర రావాలని చిన్న వాటాదారులు అడిగితే, అలాంటి సాధారణ సమానత్వ సూత్రం సమాఖ్య చట్టంలో లేదని అదే న్యాయస్థానం చెప్పింది.

ఒక్కమాటలో చెప్పాలంటే, మీరు ఎక్కడ నివసిస్తున్నారన్నది ముఖ్యం కాదు. కంపెనీ రిజిస్టర్డ్ కార్యాలయం ఏ దేశంలో ఉంటే ఆ దేశపు చట్టమే మీ బాధ్యతను నిర్ణయిస్తుంది.

గవ్వలబేరం:

పై ఇద్దరూ చెప్పినవి సరైనవే. కానీ గిర్మెస్ నాటి ఆటకు ఇప్పుడు నియమాలు మారాయి. బృందంలో సంతకం చేసేముందు దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

గిర్మెస్ కాలంలో తీర్మానం వీగిపోతే కంపెనీకి మిగిలింది దివాలా ఒక్కటే. ఐరోపా సమాఖ్య 2019/1023 ఆదేశాన్ని అమలు చేస్తూ జర్మనీ తెచ్చిన పునర్నిర్మాణ చట్టం 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాన్ని స్టారుగ్ అంటారు. సహేతుకమైన పునరుద్ధరణను వాటాదారులు అకారణంగా అడ్డుకోకుండా చూడాలని ఆ ఆదేశంలోని 12వ అధికరణం సభ్యదేశాలను కోరింది. కాలువగట్టు గారు సమాఖ్య చట్టంలో బాధ్యతల పేజీ ఖాళీ అన్నారు. ఆ పేజీకి దగ్గరగా వచ్చిన వాక్యం ఇదొక్కటే అనుకుంటాను. స్టారుగ్ ప్రణాళికలో ప్రభావితులను వర్గాలుగా విడదీసి, ప్రతి వర్గంలో నాలుగింట మూడు వంతుల మద్దతు కోరుతారు. వాటాదారుల వర్గం తిరస్కరించినా, చట్టం పెట్టిన షరతులు నెరవేరితే కోర్టు ప్రణాళికను ఖాయం చేయవచ్చు.

ఫలితం ఎలా ఉంటుందో 2023లో నూరెంబర్గ్‌లోని కార్ల వైరింగ్ తయారీ కంపెనీ లియోనిలో చూశాం. మూలధనాన్ని సున్నాకు తగ్గించారు. ఆస్ట్రియా పారిశ్రామికవేత్త స్టెఫాన్ పీరర్ కొత్త పెట్టుబడితో ఏకైక యజమాని అయ్యారు. పాత వాటాదారులకు ఏమీ దక్కలేదు, షేరు మార్కెట్ నుంచి కూడా తప్పుకుంది. తరువాత బ్యాటరీల కంపెనీ వార్తాలో ఇదే దారి తొక్కారు. అంటే మీ బృందం పదికి ఒకటి తీర్మానాన్ని ఓడిస్తే నాలుగుకు ఒకటి వస్తుందన్న భరోసా లేదు. పదికి సున్నా రావచ్చు. నష్టపరిహారపు దావా కంటే మీకు దగ్గరగా ఉన్న ప్రమాదం ఇది. చిన్న వాటాదారుల గోడు వినకుండా ఇలా తుడిచిపెట్టడం న్యాయమని నేను అనడం లేదు. జర్మనీ మదుపరుల సంఘాలు దీన్ని గట్టిగానే విమర్శించాయి, వారి బాధలో అర్థముంది. కానీ బేరమాడే బలం ఎటువైపు ఉందో తెలుసుకుని బేరమాడాలి.

రైన్‌తీరం:

ముగ్గురికీ కృతజ్ఞతలు. నివేదిక మళ్లీ చదివాను. మొదట నేను గమనించని విషయం ఒకటుంది: కొత్త పెట్టుబడిదారు పూర్తిగా కొత్తవారేమీ కాదు. వారికి ఇప్పటికే కంపెనీలో చెప్పుకోదగ్గ వాటా ఉంది, పర్యవేక్షక మండలిలో వారి మనిషి కూడా ఉన్నారు. తమకే షేర్లు ఇచ్చే తీర్మానం మీద తామే ఓటు వేయవచ్చా? మరో సందేహం: నా షేర్లు వేరే దేశంలోని బ్రోకరు దగ్గర ఉన్నాయి. ఓటు హక్కు నిజంగా నా చేతికి వస్తుందా?

గవ్వలబేరం:

మొదటి సందేహం వినగానే హైదరాబాద్‌వారికి సత్యం కంప్యూటర్స్ గుర్తుకు రాక మానదు. 2008 డిసెంబర్ 16న, కంపెనీ వ్యవస్థాపకుడు రామలింగరాజు గారి కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను కొనడానికి సత్యం బోర్డు వాటాదారులను అడగకుండానే ఒప్పుకుంది. మదుపరులు భగ్గుమనడంతో గంటల వ్యవధిలోనే వెనక్కి తగ్గింది. ఇప్పుడు మన దేశంలో లిస్టెడ్ కంపెనీల పెద్ద సంబంధిత పక్ష లావాదేవీలకు వాటాదారుల ఆమోదం కావాలి, సంబంధిత పక్షాలు అనుకూలంగా వేసే ఓటు చెల్లదు. జర్మనీలోనూ అలాంటి అడ్డుకట్టే ఉంటుందనుకుంటే పొరపాటు పడతారు. ఆ వివరం పాతఫైలు గారే చెప్పాలి.

పాతఫైలు:

చెబుతాను. 2017 సవరణలోని 9సి అధికరణం సంబంధిత పక్షాలతో జరిపే ముఖ్యమైన లావాదేవీలకు ప్రకటన, ఆమోదం తప్పనిసరి చేసింది గానీ, ఆ ఆమోదం సర్వసభ్య సమావేశం ఇవ్వాలా, బోర్డు ఇవ్వాలా అన్నది సభ్యదేశాలకు వదిలింది. జర్మనీ పర్యవేక్షక మండలిని ఎంచుకుంది. అంతేకాక, సర్వసభ్య సమావేశం ఆమోదం ఎలాగూ అవసరమైన లావాదేవీలను ఆ నియమం నుంచి మినహాయించింది. మీ కంపెనీ మూలధన పెంపు ఈ మినహాయింపు కిందికే వస్తుంది. ఓటు వేయకుండా నిషేధించే, జర్మనీ వాటా కంపెనీల చట్టంలోని 136వ సెక్షన్ కూడా ఇరుకైనది. తనకు బాధ్యతా విముక్తి ప్రకటించే తీర్మానం, తనపై కంపెనీ దావా వేయాలా వద్దా అన్న తీర్మానం వంటివాటికే వర్తిస్తుంది. కాబట్టి ఆ పెట్టుబడిదారు ఓటు వేయవచ్చు. వారిని పట్టి ఉంచేది నేను మొదట చెప్పిన లినోటైప్ బాధ్యతే. ధర తక్కువగా పెట్టి, పాతవారికి తలుపు మూసి, యాజమాన్యంతో ముందే మాట్లాడుకుని ఉంటే, విశ్వాస బాధ్యత గురించి సమాధానం చెప్పుకోవలసింది మీకంటే ముందు వారు.

రెండో సందేహానికి వస్తే, మీవి రిజిస్టర్డ్ షేర్లా, బేరర్ షేర్లా (కంపెనీ రిజిస్టరులో పేరు లేకుండా, ఎవరి దగ్గర ఉంటే వారివే అయ్యేవి) అన్నది ముందు తెలుసుకోండి. రిజిస్టర్డ్ షేర్లయితే వాటాదారుల రిజిస్టరులో పేరున్నవారినే కంపెనీ వాటాదారుగా గుర్తిస్తుంది. అక్కడ బ్రోకరు లేదా నామినీ పేరుంటే దాన్ని మీ పేరు మీదికి మార్పించుకోవాలి, లేదా వారి నుంచి అధికారపత్రం తీసుకోవాలి. బేరర్ షేర్లయితే సమావేశానికి సుమారు మూడు వారాల ముందు వచ్చే రికార్డు తేదీ నాటికి షేర్లు మీవేనని చూపే ధ్రువీకరణ సరిపోతుంది. బ్రోకరు ఐరోపా బయట ఉన్నా సరే, ఐరోపా కంపెనీల షేర్లకు సేవలందిస్తున్నంత వరకు సమాచారం చేరవేయడం, ఓటుకు వీలు కల్పించడం వారి విధి. రుసుము తీసుకోవచ్చు గానీ అది వాస్తవ ఖర్చుకు తగినట్లు ఉండాలి. రాతపూర్వకంగా అడగండి, ఆలస్యం చేయకండి.

తీర్మానాన్ని ఓడించాలన్న పట్టుదల కంటే మెరుగైన సాధనాలు మీ చేతిలో ఉన్నాయి. ఒక్క షేరున్నవారైనా కారణాలతో ప్రతిపాదనను వ్యతిరేకిస్తూ, సమావేశానికి కనీసం 14 రోజుల ముందు కంపెనీకి చేరేలా పంపితే, చట్టం చెప్పిన కొన్ని మినహాయింపులు పోగా కంపెనీ దాన్ని అందరికీ అందుబాటులో పెట్టాలి. నిష్పత్తిని వదిలేసి, పాత వాటాదారులకు కూడా అదే ధరకు కొనే అవకాశం ఇవ్వాలని కోరండి. పునరుద్ధరణను అడ్డుకోని కోరిక ఇది, కాబట్టి గిర్మెస్ ఆరోపణ దీనికి అంటదు. బ్యాంకులకూ అభ్యంతరం ఉండవలసిన పని లేదు. సమావేశంలో ధర గురించి ప్రశ్నించండి. ఎజెండా అంశాన్ని సరిగా అంచనా వేయడానికి అవసరమైనంత మేరకు యాజమాన్యం సమాధానం చెప్పి తీరాలి.

కోర్టుకు వెళ్లే దారిని తెరచి ఉంచుకోవాలనుకుంటే, మీరు గానీ మీ ప్రతినిధి గానీ సమావేశంలోనే అభ్యంతరాన్ని మినిట్స్‌లో నమోదు చేయించాలి. ఎజెండా ప్రచురణకు ముందే షేర్లు మీ దగ్గర ఉండి ఉండాలి. దావా నెల రోజుల లోపు వేయాలి. అయితే మూలధన తీర్మానాలకు సంబంధించి, దావా నడుస్తుండగానే తీర్మానాన్ని అమలు చేయడానికి అనుమతించమని కంపెనీ ఉన్నత ప్రాంతీయ కోర్టును కోరవచ్చు. కనీసం 1,000 యూరోల ముఖవిలువ గల షేర్లు ఎజెండా ప్రచురణ నాటి నుంచి తన దగ్గర ఉన్నాయని పత్రాలతో చూపలేని వాది అక్కడ నిలబడలేరు. ఇది మార్కెట్ ధర కాదు, ముఖవిలువ. ఉద్యోగుల పథకంలో వచ్చిన షేర్లు చాలామందికి ఆ గీత దాటవు. మీ బృందంలో ఎవరు దాటుతారో ఇప్పుడే చూసుకోండి.